రాళ్ల ఏటి గట్టున ఒక పగలు

2023 వేసవిలో మేమిద్దరం అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోనున్న మా పెద్దబ్బాయి ఇంటికి వెళ్లి మూడు నెలలు ఉన్నాము. అక్కడికి వెళ్లివచ్చినవారు సాధారణంగా వాషింగ్టన్‌లోని తెల్లని భవనాల గురించి, నయాగరా జలపాతం గురించి చెబుతారు. అవి మేమూ చూచాము. అయితే మా మనసులో నిలిచిపోయినది ఒక నది గట్టు. అక్కడ గాలం పట్టుకొని గడిపిన ఒక పగటి సంగతి మాత్రమే ఇక్కడ వ్రాస్తున్నాము.

అది మే నెల మూడవ వారం, మంగళవారం. మనుమరాలిని బడి బస్సు ఎక్కించి వచ్చిన అబ్బాయి, "అమ్మా, నాన్నా, బయలుదేరండి. చేపలు పడదాం" అన్నాడు. "పనిరోజు కదురా" అంటే, "సెలవు పెట్టాను" అన్నాడు. కోడలు మాట్లాడకుండా పులిహోర డబ్బాలో సర్ది ఇచ్చింది.

గంటసేపు ప్రయాణం చేసి హార్పర్స్ ఫెర్రీ అనే చిన్న ఊరు చేరాము. ఆ ఊరు వెస్ట్ వర్జీనియాలో ఉంది. పొటోమాక్, షెనాండోవా అనే రెండు నదులు కొండలను చీల్చుకొని వచ్చి ఆ ఊరి మొననే కలుస్తాయి. ఒక ఏటికి అవతల మేరీల్యాండ్, రెండవ ఏటికి అవతల వర్జీనియా. 1783లో ఇక్కడికి వచ్చిన థామస్ జెఫర్సన్, తరువాత ఆ దేశానికి అధ్యక్షుడైనవాడు, ఈ దృశ్యం కోసం అట్లాంటిక్ సముద్రం దాటి రావచ్చునని తన పుస్తకంలో వ్రాశాడు. దాటి వచ్చినవాళ్లమే కాబట్టి మేము ఆ మాట ఒప్పుకొన్నాము.

ఊరి పైభాగాన పాత కళాశాల కట్టడాలు ఉన్నాయి. అంతర్యుద్ధం ముగిసి బానిసలకు విడుదల కలిగిన తరువాత, 1867లో, ఫ్రీ విల్ బాప్టిస్టు సంఘంవారు వారి చదువు కోసం స్థాపించిన స్టోరర్ కళాశాల అది. 1955లో మూతపడింది. చదువే తెలియనివ్వని జనానికి బడి పెట్టిన ఆ గోడల దగ్గర కాసేపు నిలిచి, రైలు వంతెన పక్కనున్న నడక దారిన నది దాటి మేరీల్యాండ్ వైపు గట్టుకు వెళ్లాము. అక్కడ పాత పడవల కాలువ వెంట బాట ఉంది. ఒకప్పుడు కంచరగాడిదలు పడవలను లాగుతూ నడిచిన బాట అది.

మేము గోదావరి లంకలలో పుట్టి పెరిగినవాళ్లం. నది అంటే మాకు అడుగు కనబడని బురద నీరు, రేవు, పడవ. ఇక్కడ నది వెడల్పుగా ఉన్నా చాలాచోట్ల మోకాలి లోతే. అడుగంతా రాళ్లు. వాటిని ఒరుసుకొంటూ నీరు నురగలు కక్కుతూ పరుగెడుతుంది. "లోతు లేదని దిగకండి. ఈ ఏట్లో మునిగి చనిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు" అన్నాడు అబ్బాయి. నాచు పట్టిన రాయి మీద కాలు జారుతుంది, రెండు రాళ్ల నడుమ పాదం ఇరుక్కుంటుంది, ఆపైన ప్రవాహమే మనిషిని పడదోసి లేవనివ్వదు. మాకు కూడా తేలుడు జాకెట్లు తొడిగించి, గట్టు మీదనే నిలబెట్టాడు.

అక్కడ పట్టే చేప పేరు స్మాల్‌మౌత్ బాస్. ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు ఒళ్లు, నిలువు చారలు, ఎర్రని కన్ను. ఇప్పుడు పొటోమాక్ అంతటా ఉన్న ఈ చేప అసలు ఆ నదిది కాదు. కొండలకు అవతల ఒహాయో నది వైపు నీళ్లది. 1854లో ఒకాయన అక్కడి వీలింగ్ వాగు నుండి కొన్ని చేపలను తెచ్చి, రైలు ఇంజను వెనుక నీళ్ల తొట్టిలో వేసి, కొండలు దాటించి కంబర్లాండ్ పట్టణం దగ్గర కాలువలో వదిలాడట. అక్కడ నుండి అవి నదిలో చేరి పెరిగాయి. "అంటే మీలాగే వలస వచ్చిన చేప" అన్నది మా ఇంటావిడ. అబ్బాయి నవ్వాడు గాని ఆ నవ్వు తొందరగా ఆగిపోయింది.

పట్టే విధానం మన గాలం లాంటిది కాదు. బెండు లేదు, ఎర్ర లేదు. ఆ చేపకు అక్కడి రాళ్ల కింద ఉండే క్రేఫిష్ ఇష్టం. అది మన రొయ్యకు చుట్టంలా ఉంటుంది. అటువంటి రూపంలోనే చేసిన రబ్బరు బొమ్మను కొక్కేనికి గుచ్చుతారు. చేప ఎప్పుడూ ఎదురు నీటికి ముఖం పెట్టి ఉంటుంది. అయితే వడి నీటిలో నిలబడి బలం పోగొట్టుకోదు. పెద్ద రాయి చాటున నీరు కాస్త నెమ్మదించే చోట ఆగి, పక్కనుండి కొట్టుకొచ్చే ఆహారాన్ని చటుక్కున అందుకుంటుంది. కాబట్టి గాలం ఎగువకు ఏటవాలుగా విసిరి, నీరు దానిని మోసుకొస్తూంటే దారం బిగువు చెడకుండా చుట్టుకోవాలి. దారం వదులైతే కొక్కెం రాళ్ల సందులో చిక్కుతుంది. అలా మేము గంటలో నాలుగు రబ్బరు బొమ్మలు నదికి సమర్పించుకొన్నాము.

గట్టు దగ్గర ఒకచోట అబ్బాయి మమ్మల్ని ఆపి వేలితో చూపాడు. అడుగున గులకరాళ్లు పళ్లెమంత మేర శుభ్రంగా తుడిచినట్టున్నాయి. వాటి మీద ఒక చేప కదలక మెదలక ఉంది. "అది గూడు. కాపలా ఉన్నది తండ్రి చేప. తల్లి గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. పిల్లలు ఈదుకొంటూ వెళ్లేదాకా తండ్రే కాస్తుంది. ఇప్పుడు దీనిని పైకి లాగితే కాసేపట్లోనే వేరే చేపలు గుడ్లు తినేస్తాయి" అన్నాడు. అందుకే ఈ రోజుల్లో పట్టిన బాస్‌ను వెంటనే వదిలేయాలని అక్కడ చట్టం. ఆ గూటికి దూరంగా, వడి నీటి వైపుకు జరిగాము.

కొంతసేపటికి మా కర్ర వంగింది. జానెడున్నర చేప నీళ్లలోంచి రెండుసార్లు ఎగిరి తల విదిలించింది. అబ్బాయి చేతులు తడిచేసుకొని, కొక్కెం తీసి, దాని తల ఎదురు నీటి వైపు ఉంచి పట్టుకొన్నాడు. అది ఊపిరి కూడదీసుకొని తోక ఒక్కటి కొట్టి వెళ్లిపోయింది. పులుసు పోయిందని మేము బాధపడుతుంటే, అబ్బాయి నీటి వైపే చూస్తూ అన్నాడు: "ఈ బాస్‌ను మనం వదిలేశాం నాన్నా. మా ఆఫీసులో బాస్ నన్ను వదిలేశాడు. పందొమ్మిది రోజులైంది."

నది చప్పుడులో సరిగా వినబడలేదేమో అనుకొన్నాము. వాడు మళ్లీ చెప్పాడు. సంస్థ ఒకేసారి చాలామందిని తీసివేసిందట. పని వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే అరవై రోజులే గడువు. ఆలోగా మరొక సంస్థ దరఖాస్తు పెట్టాలి, లేదా వేరే వీసాకు మారాలి, లేదా దేశం విడవాలి. రోజూ ఉదయం బ్యాగు తగిలించుకొని వెళ్లి గ్రంథాలయంలో కూర్చొని దరఖాస్తులు పంపుతున్నాడు. మేము సంతోషంగా వచ్చామని, తిరిగి వెళ్లేదాకా చెప్పవద్దని కోడలితో అన్నాడట.

"మాకెందుకు చెప్పలేదురా?" అన్నాము. మాటలో కోపమే ఎక్కువ ధ్వనించింది. వాడు జవాబు చెప్పలేదు. అప్పుడు మా ఇంటావిడ, "మనం మాత్రం చెప్పామా?" అన్నది.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద ఆ ప్రాంతంవారు ఎవరూ మరువలేరు. మా అరటితోట మీద ఇసుక మేట వేసింది. అప్పటికి వీడికి మూడేళ్లు. ఆ అప్పు తీర్చడానికి మాకు ఆరేళ్లు పట్టింది, వీడి మామ్మ గొలుసు కూడా అమ్మాము. ఎదిగిన తరువాత కూడా ఈ సంగతి వాడికి చెప్పలేదు. పిల్లవాడి మనసు చిన్నబోతుందని అనుకొన్నాము. రాతి మీద కూర్చొని పులిహోర తింటూ ఆ రోజు మొదటిసారి చెప్పాము. ఎంత అప్పు, ఎవరి దగ్గర, ఎవరు గుమ్మంలోకి వచ్చి ఏమన్నారు, మరుసటి ఏడు ఎవరు పిలకలు ఊరకే ఇచ్చారు, అన్నీ చెప్పాము. వాడు కర్ర పక్కన పెట్టి విన్నాడు. ముగ్గురమూ నీటి వైపే చూస్తూ మాట్లాడుకొన్నాము. ఎదురెదురుగా కూర్చొంటే అన్ని మాటలు వచ్చేవి కావేమో.

తిరిగి వచ్చేటప్పుడు ఆ గూటి దగ్గర మళ్లీ వంగి చూచాము. తండ్రి చేప అక్కడే ఉంది.

ఇంటికి వెళ్లగానే కోడలు మా ముఖాలు చూచి విషయం గ్రహించింది. ఆ రాత్రి నలుగురమూ కూర్చొని ఖర్చుల లెక్క వేసుకొన్నాము, ప్రార్థన చేసుకొన్నాము. మరునాటి నుండి అబ్బాయి గ్రంథాలయానికి పోక ఇంట్లోనే బల్ల దగ్గర కూర్చొని పని చూసుకొన్నాడు. గడువుకు తొమ్మిది రోజులు ఉందనగా వేరే ఉద్యోగం దొరికింది. జీతం మునుపటికంటే తక్కువే.

ఇప్పుడు వాడు ఆదివారం ఫోను చేసినప్పుడు "అంతా బాగుంది" అని ఊరుకోడు. బాగులేనివి కూడా చెబుతాడు. మా మోకాళ్ల నొప్పుల సంగతి మేమూ దాచడం మానేశాము.