చిట్యాల నుండి శంషాబాదు: కుట్లు మానిన తరువాతి ప్రయాణము

మీరు చూచుచున్నది భూపాలపల్లి జిల్లాలోని మా చిట్యాల. మంచు వీడని పత్తిచేల నడుమ పరకాల వైపు సాగు ఈ త్రోవ, హనుమకొండ, జనగామల మీదుగా శంషాబాదు విమానాశ్రయము చేరుసరికి రెండువందల కిలోమీటర్లకు పైబడును. వెనుక సీటులో నున్నది మా అమ్మ. పిత్తాశయమున రాళ్లు చేరగా ఆపరేషన్ చేయించుకొని, అమెరికాలోని మా చెల్లెలి పురిటికి బయలుదేరినది.

పొట్టమీద నాలుగు గంట్లు, ఒక్కొక్కటి వ్రేలిగోరంత. పది దినములకే మానినవి. "కుట్లు మానినయి గద బిడ్డా, ఇంకేం అడ్డం?" అని ఆమె తొందర. డిశ్చార్జి కాగితములో మందులు, పథ్యము కలవు గాని ప్రయాణమును గూర్చి ఒక్క మాటయు లేదు. మేమే పోయి అడుగగా డాక్టరుగారు నెల దినములు ఆగుమనిరి.

విమానము ఎంత ఎత్తున పోవుచున్నను, లోపలి గాలిని ఆరు మొదలు ఎనిమిది వేల అడుగుల కొండమీది గాలికి సమానముగా నుంచుదురు. అనగా ఊటీలో కూర్చుండినట్లే. అచ్చట, మూతపడియున్న వాయువు దాదాపు 30 శాతము వ్యాకోచించును. అమ్మ సకినాలు నింపి టేపుతో బిగించిన ఈ కవరును చూడుడు: పైకి పోయిన పిమ్మట పూరీవలె ఉబ్బును. శరీరములో ఆపరేషన్ నాటి గాలి మిగిలినచో దానికిని అదే గతి. రెటీనా చికిత్సలో కంటిలో వాయుబుడగ నుంచినవారు అది కరగువరకు విమానమెక్కనే రాదు, చూపే పోవచ్చును. శుక్లముల ఆపరేషనుకు ఇంత భయము లేదు.

చిన్న రంధ్రముల ద్వారా చేసిన ఆపరేషన్ పిమ్మట ఒకటి రెండు దినములకే ఎగురవచ్చునని బ్రిటిష్ పౌర విమానయాన సంస్థ సూచనలు చెప్పుచున్నవి గదా యందురేమో. అది గాలి లెక్క. నెత్తుటి లెక్క వేరు. నాలుగు గంటలకు మించి కదలక కూర్చున్న ప్రయాణములో కాలి సిరలలో రక్తము గడ్డకట్టు ప్రమాదము సుమారు రెట్టింపగునని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. క్రొత్తగా శస్త్రచికిత్స అయినవారికి అది మరింత హెచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరెనా, ప్రాణాపాయమే.

ఇది జనగామ. చాయ త్రాగి, అమ్మను నాలుగడుగులు నడిపించి, పిక్కలకు బిగువు మేజోళ్లు తొడిగితిమి. చక్రాల కుర్చీ అడిగితిమనగానే, "కుర్చీల కూసుంటె మంది ఏమనుకుంటరు?" అని ముఖము ముడుచుకొన్నది. 1984లో అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకొని తిరిగివచ్చి, ఆగస్టు 16న పదవి పోగొట్టుకొన్న ఎన్.టి.రామారావుగారు, చక్రాల కుర్చీలోనే ఢిల్లీకి పోయి రాష్ట్రపతి ఎదుట శాసనసభ్యులను నిలిపి, సరిగా నెలకు మరల ముఖ్యమంత్రియైన సంగతి గుర్తుచేసితిని. ఆమె మారుపలుకలేదు.

డాక్టరుగారి చేత వ్రాయించుకొన్న ప్రయాణార్హత పత్రమును, మందుల చీటీని పెట్టెలో వేయక చేతిసంచిలోనే ఉంచుకొంటిమి. మీరును అట్లే చేయుడు. మేము ఆగిన ఈ నెలలోనే చెల్లెలికి పాప పుట్టి నేటికి పదునాలుగు దినములు. ఇరవై యొకటవ నాటి తొట్టెలకు అమ్మ అందుకొనును.