అమ్మీ కమ్రా దాకా రాని హవా

మూడు ఎండాకాలాలు మా అమ్మీ ఒక్క మాట అనలేదు. కూలర్ గాలి నీ కమ్రాలోకి బాగా వస్తోందా అని అడిగిన ప్రతిసారీ "చల్తా బేటా" అనే అనేది. ఆ "చల్తా"కు మన ఇళ్ళల్లో ఏం అర్థమో మీకు చెప్పక్కర్లేదు. బాగుందని కాదు, నా కోసం మీరు తక్లీఫ్ పడొద్దని.

మాది వేములవాడ. రాజన్న గుడికి వచ్చే జనంతో ఏడాది పొడుగునా సందడిగా ఉండే ఊరు. ఏప్రిల్ నడిమికొచ్చేసరికి మిద్దె మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం. నా చిన్నప్పుడు కిటికీకి ఖస్ తడక కట్టేవాళ్ళు. జొహర్ నమాజ్ చదివొచ్చి అబ్బా దాని మీద నీళ్ళు చల్లేవారు. తడిసిన ఖస్ ఖుష్బూ ఇల్లంతా పాకేది. తర్వాత రేకు కూలర్ వచ్చింది, దాంట్లో ఏటా గడ్డి మార్చడం నా డ్యూటీ. ఇల్లు కట్టుకున్నాక కూలర్ మిద్దె మీదికి ఎక్కింది. పెద్ద కూలర్ ఒకటి, దాన్నుంచి కిందికి జీఐ రేకు డక్టు. ఆ డక్టు ఫాల్స్ సీలింగ్ లోపలి నుంచి పోయి, మొదట హాలుకు, తర్వాత మా కమ్రాకు, చివరికి అమ్మీ కమ్రాకు గాలి తీసుకెళ్ళాలి.

ఇల్లు కట్టింది నా జీతంతో కాదు, ఛోటే కమాయితో. నా తమ్ముడు పదిహేడేళ్ళుగా దుబాయ్‌లో ఉన్నాడు. ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే "ఏసీ పని" అనేవాణ్ణి. నాకు తెలిసింది అంతే. ఏసీ అమ్ముతాడా, బిగిస్తాడా, రిపేర్ చేస్తాడా అని ఏనాడూ అడగలేదు.

నేను జర్నలిస్టును. ఉర్దూ మీడియంలో బడి, తెలుగులో డిగ్రీ, ఇరవై ఏళ్ళ పేపరు నౌకరీ. కరీంనగర్, సిరిసిల్ల, జగిత్యాల పల్లెల గల్ఫ్ గోస మీద ఎన్ని వార్తలు రాశానో లెక్క లేదు. ఏజెంట్ల ధోకా రాశాను, ఎయిర్‌పోర్టులో దిగిన శవపేటికల గురించి రాశాను. సొంత తమ్ముడు పొద్దున్నే లేచి చేతుల్లోకి ఏ పనిముట్టు తీసుకుంటాడో మాత్రం తెలియదు.

మొన్నటి ఎండాకాలం ఛోటే రెండు నెలల చుట్టీ మీద వచ్చాడు. వచ్చిన మరునాడే అసర్ వేళ అమ్మీ కమ్రాలో కూర్చుని ఛాయ్ తాగుతూ తల పైకెత్తి చూశాడు. సీలింగ్ మీద పళ్ళెమంత పసుపు మరక ఉంది.

"ఇదెప్పట్నుంచి?" అన్నాడు.

"వానకు కారిందేమో" అన్నాను.

"వాన కాదు భాయ్. కూలర్ తేమ. హవా పైనే కారిపోతోంది" అన్నాడు.

హవా కారిపోవడం అనే మాట నాకు వింతగా అనిపించింది. మా పేపరు భాషలో హవా అంటే ఎలక్షన్లలో ఏదో పార్టీకి వీచేది. నీళ్ళు కారితే కనిపిస్తాయి, మిస్త్రీని పిలుస్తాం. గాలి కారితే ఎవరికి తెలుస్తుంది? మా ఇంట్లో తెలిసింది అమ్మీకి ఒక్కదానికే. ఆమేమో "చల్తా" అనేసింది.

అంతకుముందే నేను ఆ కమ్రాకు ఏసీ పెట్టిద్దామని కొటేషన్ తెప్పించాను. నలభై వేల పైమాటే. కూలర్‌కు ఇంకా పెద్ద మోటర్ వేయిద్దామని బావమరిది సలహా. "మోటర్ పెంచితే గాలితో పాటు కారేది కూడా పెరుగుద్ది. ముందు ఎక్కడ పోతుందో చూడనీయండి" అన్నాడు ఛోటే.

ఆ సాయంత్రం వాడు చెత్త సంచులు తెమ్మన్నాడు, నల్లటి పెద్దవి. సంచి మూతిని ఒక్కో కమ్రా గ్రిల్‌కు ఆనించి, అది గాలితో ఉబ్బడానికి ఎన్ని సెకండ్లు పడుతుందో నన్ను లెక్కపెట్టమన్నాడు. హాల్లో నాలుగు. మా కమ్రాలో ఆరు. అమ్మీ కమ్రాలో పధ్నాలుగు దాటినా సంచి సగం వంగే ఉంది. అమ్మీ మంచం మీద కూర్చుని తస్బీహ్ తిప్పుతూ మా ఇద్దర్నీ చూసి నవ్వుతోంది. నాకు నవ్వు రాలేదు.

తెల్లారి ఫజర్ తర్వాత అసలు పరీక్ష. నీళ్ళ పంపు బంద్ చేశాడు. మూడు గ్రిల్లులనూ పాత పేపర్లతో, టేపుతో గట్టిగా మూసేశాడు. ఆ పేపర్లలో నా వార్తలున్నవీ ఉన్నాయి. కూలర్ ఫ్యాన్‌ను తక్కువ స్పీడ్‌లో నడిపించి, వెలిగించిన ఊద్‌బత్తీ పట్టుకుని మిద్దె మీది నుంచి మొదలుపెట్టాడు. డక్టులో గాలికి దారి లేదు కాబట్టి ఎక్కడ సందుంటే అక్కడి నుంచే బయటికొస్తుంది. పొగ నిటారుగా లేస్తే జాయింట్ సలామత్. పక్కకు తోసుకుపోతే అక్కడ చిల్లు.

కూలర్ నోటికీ డక్టుకూ మధ్య అదురు తెలియకుండా కాన్వాస్ గుడ్డ పెడతారు. అది ఎండకు మురిగి చీలిపోయింది. ఊద్‌బత్తీ ఆరిపోయేంత గాలి అక్కడే పోతోంది. మలుపు దగ్గర రెండు రేకులు ఒకదాన్నొకటి సరిగ్గా పట్టుకోలేదు. లైటు కోసం తీసిన చోటు నుంచి సీలింగ్‌లోకి తల దూర్చి చూస్తే, హాలు దాటాక ఒక జాయింట్‌కు గుడ్డ టేపు చుట్టి వదిలేశారు. అది ఎండిన మామిడి తొక్కలా ఊడి వేలాడుతోంది. అమ్మీ కమ్రాకు పోవాల్సిన చల్లదనం సగం ఆ సీలింగ్‌కే పోతోంది. మరక కథ అదీ.

ఆ టేపును చూపించి ఛోటే నవ్వాడు. "దీని పేరే డక్ట్ టేప్. డక్టు మీద మాత్రం నిలవదు." తర్వాత నేను చదివితే నిజమేనని తేలింది. అమెరికాలో లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల వాళ్ళు 1998లో రకరకాల సీలింగ్ పదార్థాలను వేడికీ చలికీ మార్చి మార్చి పెట్టి పరీక్షించారు. అన్నిటికన్నా ముందు ఓడిపోయింది ఈ గుడ్డ టేపే. బ్రష్షుతో పూసే మాస్టిక్ అనే చిక్కటి లేపనం నిలిచింది.

వాడి పని గురించి ఆ రోజు మొదటిసారి అడిగాను. మిద్దె మీద నీడలో కూర్చుని చెప్పాడు. మొదట నాలుగేళ్ళు రేకు కోయడం, మడవడం. తర్వాత జాయింట్లు. ఇప్పుడు టెస్టింగ్. పెద్ద బిల్డింగుల్లో డక్టు ఒక్కో ముక్కా బిగించాక రెండు చివర్లూ మూసి, ఫ్యాన్‌తో లోపలికి గాలి కొట్టి, ఒత్తిడి నిలబెట్టడానికి ఎంత గాలి పోయాల్సొస్తుందో మీటర్ మీద చూస్తారట. పోసినంత గాలీ కారుతున్నట్టే లెక్క. హద్దు దాటితే ఆ ముక్క ఫెయిల్. అది పాసయ్యాకే సీలింగ్ మూస్తారు. ఆ తర్వాత వాడి మెహనత్ ఎవరికీ కనబడదు.

"పదిహేడేళ్ళు చేసిందంతా సీలింగ్ పైనే ఉంది భాయ్" అన్నాడు. కాసేపాగి, "మీరు పేపరోళ్ళు కూడా మా మయ్యత్ వస్తేనే రాస్తారు కదా" అన్నాడు. గుస్సాతో అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఇల్లు కట్టేటప్పుడు కూలర్ డక్టు గురించి వాణ్ణి ఒక్క మాట అడిగి ఉండొచ్చు. పైసలు పంపమని వారానికోసారి ఫోన్ చేశాను. హునర్ మాత్రం అడగలేదు. ఇంత చిన్న పనికి దుబాయ్‌కి ఫోన్ ఎందుకు, ఇక్కడి మిస్త్రీ చేస్తాడులే అనుకున్నాను.

సీలింగ్ పనికి ఒక రోజంతా పట్టింది. ముందు మెయిన్ స్విచ్ బంద్ చేశాడు. రేకు మీది దుమ్ము, జిడ్డు తుడిచాడు, లేకపోతే ఏ మందూ పట్టదట. ఊడిన జాయింట్లను స్క్రూలతో బిగించి, సన్న సందులకు మాస్టిక్ పూశాడు. వెడల్పు సందుల మీద జాలీ పట్టీ పరిచి పైన మళ్ళీ పూశాడు. పైపైన అల్యూమినియం ఫాయిల్ టేపు. కొత్త కాన్వాస్ కుట్టించి తెచ్చాడు. మొత్తం ఖర్చు రెండు వేల లోపే. డక్టు బిగించిన మిస్త్రీని కూడా పిలిపించాడు. నేను నాలుగు మాటలు అందామనుకుంటే ఆపాడు. "అతనికి ఎవరూ నేర్పలేదు, నాకు నేర్పారు. అంతే ఫరక్." ఊద్‌బత్తీ ఆ అబ్బాయి చేతికిచ్చి ఒక్కో జాయింట్ వాడితోనే చూపెట్టించాడు.

మాస్టిక్ ఆరాక మళ్ళీ సంచి పట్టాం. అమ్మీ కమ్రాలో ఏడు సెకండ్లు. హాలు గ్రిల్‌ను కాస్త మూస్తే ఆరు. అయినా ఉక్కపోత పూర్తిగా పోలేదు. అప్పుడు ఛోటే కిటికీ చూశాడు, మూసి ఉంది. కోతుల భయానికి అమ్మీ ఎప్పుడూ తీయదు. కూలర్ గాలి లోపలికొచ్చాక బయటికి పోయే దారి ఉండాలి, లేకపోతే కొత్త గాలి రాదు, తేమ పేరుకుంటుంది. కిటికీకి ఇనుప జాలీ కొట్టించి నాలుగు వేళ్ళ సందు తెరిచి పెట్టాం. ఆ రాత్రి ఇషా చదివి పడుకున్న అమ్మీ మళ్ళీ ఫజర్‌కే లేచింది. "ఛోటే, దుప్పటి కప్పుకున్నాన్రా" అంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

ఈ సంగతి వీడియో కాల్‌లో చెబితే షికాగోలో ఉండే మా ఖాలా కూతురు తన గోడు ఎత్తుకుంది. అక్కడ ఏసీ చల్లగాలీ, చలికాలం ఫర్నేస్ వేడిగాలీ అవే డక్టుల్లోంచి వస్తాయి. పై కమ్రాలో పిల్లలకు చలి, గ్యాస్ బిల్లు మాత్రం భారీ. అమెరికా సర్కారు ఎనర్జీ స్టార్ లెక్క ప్రకారం మామూలు ఇంట్లో డక్టుల్లో తిరిగే గాలిలో 20 నుంచి 30 శాతం చిల్లుల వల్లే పోతుంది. అక్కడ ఇంటి డక్టులను 25 పాస్కల్ ఒత్తిడి దగ్గర పరీక్షించే పద్ధతి ఉంది. బర్కిలీ ప్రయోగశాలలోనే పుట్టిన ఇంకో తరీకాలో, సన్నటి జిగురు కణాలను డక్టులోకి ఊదితే అవి చిల్లుల అంచులకు అతుక్కుని లోపలి నుంచే మూసేస్తాయి. అన్నీ విని ఛోటే ఒకటే అన్నాడు: "ఆపా, గ్యాస్ ఫర్నేస్ ఉన్న ఇల్లు. ముందు కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో చూడండి. తెలిసినవాళ్ళతోనే సీల్ చేయించండి." గాలి వెనక్కి లాగే డక్టుకు చిల్లు ఉంటే ఫర్నేస్ విషపు పొగ కూడా ఇంట్లోకి రావొచ్చట.

ఛోటే తిరిగి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఫోన్ చేస్తే ముందు ఈరోజు ఏం పని చేశావని అడుగుతున్నాను. చెబుతున్నాడు, ఒక్కోసారి అరగంట. ఎవరైనా తమ్ముడు ఏం చేస్తాడంటే, "డక్టులు చేస్తాడు, గాలి కారకుండా పరీక్షిస్తాడు" అంటున్నాను.

ఎండలు ముదరకముందే మీ ఇంట్లో అందరికన్నా చివరి కమ్రా ఎవరిదో ఒకసారి చూడండి. మన ఇళ్ళల్లో చాలావరకు అది అమ్మీదో, దాదీదో అయి ఉంటుంది. మధ్యాహ్నం వెళ్ళి ఓ గంట అక్కడే కూర్చోండి. బాగుందా అని మాత్రం అడక్కండి. "చల్తా" అంటుంది.