డ్రైవర్లు కావలెను

బెంగుళూరు కలాసిపాళ్యమునందలి ఒక లారీ ఆఫీసులో నేను 1979 మొదలు 2017 వఱకు గుమాస్తాగా నుంటిని. ఆ ఆఫీసు వాకిట ఒక రేకు బోర్డు వ్రేలాడుచుండెను. పైన కన్నడములోను క్రింద తెలుగులోను "డ్రైవర్లు కావలెను" అని వ్రాసియుండిరి. ముప్పదియెనిమిదేండ్లలో దానికి రెండు మార్లు రంగు వేసిరి గాని, దింపిన దినము లేదు. మనిషి దొరకిన పిదప బోర్డు దింపుట లోకమర్యాద. ఎన్నడును దింపని చోట మనుష్యులు నిలుచుట లేదని అర్థము. ఇంతమాత్రము ప్రతి పల్లె కుఱ్ఱవానికిని తెలియును. తెలిసియే లోనికి వచ్చెడివాడు. ఏల వచ్చెడివాడని మన సంఘములోని పెద్దలొకరు నన్నడిగిరి. ఆ ప్రశ్నకు జవాబుగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా కంపెనీ పేరు చెప్పను. ఆ ఉప్పు తిన్నవాడను. బజారులో దానికి మంచి పేరు లేదు. జీతము చెప్పిన తేదీకి రాదు. బత్తాలో కోత యుండును. బండ్లు పాతవి, టైర్లు అరిగినవి. చేయి తిరిగిన డ్రైవరెవ్వడును మా బండి యెక్కడు. కనుకనే క్రొత్తవాడు ఎప్పుడు వచ్చినను ఖాళీ సిద్ధముగా నుండెడిది. నన్ను నేను వేఱుగా చెప్పుకొనుట న్యాయము కాదు. యస్.యస్.ఎల్.సి.తో చదువు నిలిచిపోయిన నన్ను, అనుభవ మెంత, టైపు వచ్చునా అని అడుగక కుర్చీ చూపిన ఆఫీసు ఈ పట్టణమున అదియొక్కటియే.

1994లో బాగేపల్లి వైపు పల్లె నుండి ఒక కుఱ్ఱవాడు వచ్చెను. నా భార్య పుట్టినయూరి వాడగుటచే నన్ను మామాయని పిలిచెడివాడు. మూడేండ్లు క్లీనరుగా తిరిగి, లైసెన్సు తీసికొనియుండెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఇరువదేండ్లు నిండనివానికి లారీ నడుపు అర్హత లేదు; చిన్నబండి లైసెన్సు వచ్చి కొంతకాలము గడచినగాని పెద్దబండికి లెర్నర్సు లైసెన్సు నీయరు. ఆ గడువులన్నియు ఓపికతో దాటినవాడే.

"మా కంపెనీ సంగతి నీకు తెలుసునా అప్పా?" అని మెల్లగా అడిగితిని.

"తెలుసు మామా. తెలిసే వచ్చినా. మంచి కంపెనీలోళ్లు రెండేండ్లు బండి తోలింటే రమ్మంటారు. ఎవురూ బండి ఇయ్యకపోతే ఆ రెండేండ్లు యాడ తోలేది?"

నాకు జవాబు తోచలేదు. ఖాతా తెఱచితిని.

మంచి కంపెనీలవారు దుర్మార్గులని నేననను. వారి బండ్లు క్రొత్తవి, నెలనెల కిస్తీ కట్టవలసినవి. క్రొత్తచేతిలో క్లచ్చి ప్లేటు కాలును, గేరుబాక్సు విఱుగును, డీజిలు ఎక్కువ త్రాగును. నేర్చుకొనువాని తప్పుల ఖర్చు యజమాని భరింపవలెను. ఆ ఖర్చు వేఱొకరు భరించిన పిదప వానిని తీసికొనుట లాభము. మఱి మా యజమాని ఎట్లు భరించెడివాడు? ఇదియే నేను ముప్పదియెనిమిదేండ్లు వ్రాసిన లెక్క. ఆయన భరింపలేదు. పగిలిన అద్దము, పేలిన టైరు, తడిసిన సరుకు, అన్నియు డ్రైవరు ఖాతాకే. క్రొత్తవానికి బండి యిచ్చుటలో ఆయనకు భయమెందుకుండును?

ఇక అడ్వాన్సు సంగతి. ఆ కుఱ్ఱవాని యింటి పైకప్పు పడిపోయియుండెను. చేరిన దినముననే మూడు వేల రూపాయలు వాని తల్లికి పంపితిమి. మంచి కంపెనీలో ఏ మేనేజరును మొదటి దినమున మూడు వేలు ఈయడు. అందుకు బదులుగా అసలు లైసెన్సు మా బీరువాలో చేరెను. కోలారు వైపు జీతగాండ్ర సంగతి మన పెద్దలెఱుగుదురు. తండ్రి తీసికొన్న అప్పునకు కొడుకు రైతు కొట్టములో పని చేయుట. 1976 నాటి చట్టము దానిని రద్దు చేసినది. ఆ కుఱ్ఱవాని తాత అట్టి జీతముండినవాడే. లైసెన్సు చేతికిచ్చునపుడు వాడొక్క నవ్వు నవ్వెను. నాకది నేటికిని జ్ఞాపకమున్నది.

అమెరికాలోనున్న మా అన్నగారి కుమారుడు అచ్చటి లారీల సంగతి చెప్పగా విని ఆశ్చర్యపడితిని. అక్కడను కొన్ని పెద్ద కంపెనీలు క్రొత్తవారికి తామే శిక్షణ నిచ్చి, ఆ ఖర్చునకు ఇంత కాలము మా యొద్దనే పని చేయవలెనని పత్రము వ్రాయించుకొనునట. ముందుగా విడిచిన బాకీ కట్టవలెను. రోడ్లు గొప్పవైనను ఖాతా పుస్తకము మాదివంటిదే.

నా కొలువు కాలమున అమలులోనున్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు ఎనిమిది గంటల పని యని విధించెను. దూరప్రయాణములకు పది వఱకు సడలింపు ఉండెడిది. అయిదుగురు కార్మికులు లేని సంస్థకు ఆ చట్టము వర్తించెడిది కాదు. మా బండ్లు యజమాని భార్య పేర కొన్ని, బావమఱది పేర కొన్ని యుండుట ఇందుకే. హైదరాబాదునకు ఇంచుమించు 570 కిలోమీటర్లు. గంటకు ముప్పదియైదు చొప్పున పదునాఱు గంటలు. బండికి డ్రైవరు ఒక్కడే. చిక్కపేటలోను అవెన్యూ రోడ్డులోను వ్యాపారము గలవారు ఈ సంచికను చదువుదురు కనుక ఒక మాట విడువక చెప్పవలెను: బాడుగలో కొంత తక్కువయని మా మెట్లెక్కినవారిలో మనవారును కలరు. రేపు సాయంకాలమునకే సరుకు చేరవలెనని పట్టుబట్టినవారును కలరు.

1995 వానకాలమున గుత్తి దాటిన పిమ్మట పెద్దవాన కురిసెను. చినిగిన టార్పాలిను మార్చుమని ఆ కుఱ్ఱవాడు అంతకు ముందే రెండు మార్లు అడిగియుండెను, నేను విన్నాను. నలుబది అగరుబత్తుల పెట్టెలు తడిసి తిరిగి వచ్చెను. రెండు దినములు ఆఫీసంతయు పూజగది వలె పరిమళించెను. 2,400 రూపాయలు వాని ఖాతాకు వ్రాయుమని యజమాని చెప్పెను. వ్రాసితిని. వాడు బల్ల యెదుట నిలిచి నా కలమును చూచుచుండెను గాని ఒక్క మాటయు అనలేదు.

రెండేండ్లు గడచెను. అసలు చిక్కు అప్పుడు తెలిసెను. బండి తోలినట్లు కాగితము లేనిదే ఆ రెండేండ్లకు విలువ లేదు. మా యజమాని ఎవ్వరికిని కాగిత మిచ్చినవాడు కాడు. ఒక ఆదివారము సాయంకాలము, ఆఫీసులో నేనొక్కడనే యుండగా, కంపెనీ కాగితము మీద వాడు పనిచేసిన తేదీలు ఉన్నవున్నట్లు వ్రాసి, గుమాస్తానని సంతకము చేసి, ముద్ర వేసితిని. బీరువా తాళపుచెవి నా యొద్దనే యుండెను. లైసెన్సు తీసి యిచ్చితిని. నాకప్పుడు ఇద్దఱు పెండ్లి కావలసిన ఆడపిల్లలు. చేయి వణకలేదని చెప్పిన అబద్ధమగును.

వానికి మంచి కంపెనీలో పని దొరకెను. అడ్వాన్సు బాకీ 1,700 మిగిలియుండగా, నెలకు నూఱు చొప్పున పదునేడు నెలలు మనీయార్డరు పంపెను. యజమాని మూడు దినములు నాతో మాటలాడలేదు. నాల్గవ దినమున క్రొత్త కుఱ్ఱవాడొకడు రాగా ఖాతా తెఱువుమనెను. తెఱచితిని. అట్టి కాగితము ఆ యొక్కనికి తప్ప మఱియెవ్వరికిని నేను వ్రాసి యీయలేదు. ఎందఱు అడిగిరో లెక్క పెట్టలేదు.

2023లో వాడు కూతురి పెండ్లికి పిలువవచ్చెను. తల నెరసినది. ఇప్పుడు సొంత బండ్లు రెండు. కాఫీ త్రాగుచుండగా అడిగితిని:

"కొత్త పిల్లోళ్లకి బండి ఇస్తావా అప్పా?"

"ఇయ్యను మామా. రెండేండ్లు తోలినోడైతేనే. కిస్తీలు కట్టల్ల గదా."

"మరి వాళ్లు యాడ నేర్చుకోవల్ల?"

గ్లాసు క్రింద పెట్టెను. కొంతసేపు వాకిలి వైపు చూచెను.

"మీ పాత ఆఫీసు ఉండాది గదా మామా, ఇంగా" అనెను.

అది హాస్యమో కాదో నాకు తెలియలేదు. నా భార్య లోపలినుండి పండ్లు తెచ్చెను. శుభలేఖ నా చేతిలో నుంచి, వ్రేళ్ళకంటిన పసుపు తుడుచుకొనుచు వాడు లేచెను.