చేతిలో కాదు, బల్ల మీద

మొన్న ఆదివారం హాస్టల్లో డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెప్పడానికి వెళ్ళాను. "మీకు జరిగిందేదైనా అయిదు వాక్యాల్లో రాయండి" అన్నాను. ఒక చెల్లి రాసిన మొదటి వాక్యం, "హీ పుట్ ద మనీ." నేను ఎర్ర పెన్నుతో గీత కొట్టాను.

"ఎందుకన్నా తప్పు? డబ్బులు పెట్టాడు అంటే తెలుగులో సరిపోద్ది కదా" అంది.

నిజమే, తెలుగులో సరిపోద్ది. ఎక్కడ పెట్టాడో వినేవాళ్ళు సందర్భాన్ని బట్టి తెలుసుకుంటారు. ఇంగ్లీషులో పుట్ అనే క్రియ అలా ఒప్పుకోదు. దానికి మూడు కావాలి. ఎవరు పెట్టారు, ఏం పెట్టారు, ఎక్కడ పెట్టారు. ఈట్ అనే క్రియకి ఏం తిన్నారో చెప్పకపోయినా వాక్యం నిలబడుతుంది. పుట్‌కి ఎక్కడో చెప్పకపోతే నిలబడదు.

"సరే, ఎక్కడ పెట్టాడు?" అని అడిగాను.

"బల్ల మీదన్నా. నేను చెయ్యి చాపే ఉన్నాను. నా ముందున్నోళ్ళకి చిల్లర చేతిలో ఇచ్చాడు. నాకు బల్ల మీద పెట్టాడు."

క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. ఆ బల్ల అందరికీ తెలిసిందే.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఆ రాత్రి నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మిరపకాయల కోతకి పోయిన వారం కూలి డబ్బులు ఆసామి ఇంటికెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. ఆయన నోట్లు లెక్కపెట్టి అరుగు మీద పెట్టి, గాలికి ఎగిరిపోకుండా పైన చిన్న రాయి పెట్టేవాడు. అమ్మ ఆయన లోపలికి పోయిందాకా ఆగి, రాయి తీసి, డబ్బులు కొంగున ముడేసుకునేది. చిన్నప్పుడు నేను ఆ రాయిని చూసి ఆయన మంచోడనుకున్నాను. మన డబ్బులు ఎగిరిపోకుండా చూస్తున్నాడు కదా అని. ఆయన చేతికీ మా అమ్మ చేతికీ మధ్య మూరెడు దూరం కూడా లేదన్న సంగతి చాలా ఏళ్ళ తర్వాత గానీ తట్టలేదు.

ఇప్పుడు ఇంగ్లీషు వాక్యాన్ని మళ్ళీ చూడండి. గివ్ అనే క్రియలో మనిషికి చోటుంది. "హీ గేవ్ మీ ద మనీ." హ్యాండ్ అనే క్రియ అయితే చెయ్యి పేరు మీదే పుట్టింది. "హీ హ్యాండెడ్ మీ ద మనీ." పుట్‌తో అలా కుదరదు. "హీ పుట్ మీ ద మనీ" అంటే ఇంగ్లీషే కాదు. గివ్‌లో తీసుకునే మనిషి కూర్చునే చోట పుట్‌లో బల్ల కూర్చుంటుంది, అరుగు కూర్చుంటుంది. డబ్బు అదే, లెక్క అదే. వాక్యంలో మనిషి మాత్రం లేడు. అంటరానితనం చేసే పని కూడా ఇదే కదా.

మన భాషలో ఈ తేడాలు మనకి ఒంటి మీద తెలుసు. చుట్టాలకి మంచినీళ్ళు ఇస్తారు, మనకి దోసిట్లో పోస్తారు. చుట్టాలకి అన్నం పెడతారు, మనకి పడేస్తారు. తప్పు క్రియలది కాదు. మా అమ్మ కూడా మాకు నీళ్ళు పోసింది, అన్నం వేసింది. ఎంత ఎత్తు నుంచి, ఎవరి గిన్నెలో అన్నదే తేడా. చూరులో దోపిన గ్లాసు ఎవరిదో ఊళ్ళో ఎవరూ చెప్పక్కర్లేదు.

బాబాసాహెబ్‌కి ఇది ఇంకా బాగా తెలుసు. కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరితే, ఆఫీసు బంట్రోతులు ఫైళ్ళు చేతికివ్వకుండా ఆయన బల్ల మీదకి విసిరేసేవాళ్ళని ఆయన జీవితచరిత్రల్లో ఉంది. అంతకు ముందు బడిలో ఆయన కూర్చునే గోనెపట్టాని రోజూ ఇంటి నుంచి తెచ్చుకుని సాయంత్రం తీసుకుపోవాలి, బడి ఊడ్చే మనిషి కూడా దాన్ని ముట్టుకోడు. ఈ సంగతి ఆయనే "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో ఇంగ్లీషులో రాసుకున్నారు. గోనెపట్టా, బల్ల, అరుగు. మన చరిత్రలో సగం ఇలాంటి వాటి మీదే రాసి ఉంది.

ఇంకో సంగతి కూడా పిల్లలకి చెప్పాను. ఇంగ్లీషులో కొన్ని క్రియలు రెండు రకాలుగా తిరుగుతాయి. "స్ప్రేడ్ పెయింట్ ఆన్ ద వాల్" అనొచ్చు, "స్ప్రేడ్ ద వాల్ విత్ పెయింట్" అనీ అనొచ్చు. మొదటిదాంట్లో గోడ మీద ఓ మూల రంగు పడినా చాలు. రెండోదాంట్లో గోడంతా రంగైపోయినట్టు వినపడుతుంది. ఇలాంటి క్రియల్ని బెత్ లెవిన్ అనే భాషాశాస్త్రవేత్త 1993లో ఒక పుస్తకంగా వర్గీకరించారు. పుట్ ఇలా తిరగదు. కవర్ అనే క్రియకి రెండో రకమే ఉంది. దేని మీద వేశారో అదే కర్మ అవుతుంది.

ఇదంతా మనకెందుకంటారా? 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం మూడో సెక్షన్ ఇంగ్లీషులో తీసి చదవండి. 2015 సవరణ తర్వాత మొదటి క్లాజులోనే పుట్ ఉంది, తినకూడనిది నోట్లో పెట్టడం. తర్వాత డంప్ ఉంది, మలం, కళేబరాలు తెచ్చి పడేయడం. ఇంటి ఆవరణలో, గుమ్మం ముందు పడేస్తే ఒక క్లాజు, పేటలో పడేస్తే ఇంకో క్లాజు. "ఎక్కడ" అన్న మాటే క్లాజుని మారుస్తుంది. ఆ తర్వాత గార్లండ్ ఉంది, చెప్పుల దండ వేయడం. అక్కడ మనిషే కర్మ. కవర్ అన్నప్పుడు గోడ ఎక్కడ ఉంటుందో, ఇక్కడ మనిషి మెడ అక్కడ ఉంది.

మన ఫిర్యాదుల్లో ఏం రాస్తున్నాం? "గుమ్మం ముందు కళేబరం పడవేయబడినది." ఇంగ్లీషులో కూడా ఇదే అలవాటు, "వాజ్ డంప్డ్", "వాజ్ పుట్" అని. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. పుట్‌కి ఎక్కడ అన్నది తప్పనిసరి గానీ, వాక్యాన్ని ఇలా తిప్పేస్తే ఎవరు అన్నది ఎగరగొట్టొచ్చు. చేసినోడు వాక్యంలోంచే పారిపోతాడు. 2008లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన ఒక కేసుని సుప్రీంకోర్టు కొట్టేసింది. నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాదన్న మాట ఫిర్యాదులో లేకపోవడం అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి.

కాబట్టి ఫిర్యాదు రాసేటప్పుడు ఎవరు చేశారో ముందు రాయండి, పేరుతో, కులంతో. ఏం చేశారో రాయండి. ఎక్కడో అడుగుతో సహా రాయండి. ఎవరి ముందు జరిగిందో రాయండి. చివరగా, అది ఎవరికి జరిగిందో విడిగా ఇంకో వాక్యం రాయండి. పుట్ అనే క్రియ ఆ ప్రశ్న అడగదు. స్టేషన్‌లో రాసుకునేవాళ్ళు కూడా అడగకపోవచ్చు.

క్లాసు అయ్యేసరికి ఆ చెల్లి మళ్ళీ రాసి చూపించింది. "ద షాప్‌కీపర్ పుట్ ద చేంజ్ ఆన్ ద కౌంటర్. మై హ్యాండ్ వాజ్ దేర్."

రెండు వాక్యాలు. ఒక్కదాంట్లో ఆమె చేతికి చోటు లేదు మరి.

ఈసారి నేను ఎర్ర పెన్ను తీయలేదు.

జై భీమ్.