పానా యాడ పెట్టినావన్నా

మైపాడులో మా రొయ్యల చెరువు గట్టు మీద ఒక షెడ్డు ఉండేది. లోపలికొచ్చినవాళ్లు ముందు అడుగెక్కడ వెయ్యాలో చూసుకునేవాళ్లు. మేత బస్తాలకు ఆనుకుని సున్నం బస్తాలు, వాటి మీద తడి ఆరని చెక్‌ట్రేలు, ఏరియేటరు నుంచి ఊడిన రెక్కలు. బల్ల మీద హేచరీ బిల్లులు, కరెంటు బిల్లులు, ఎండిపోయిన టీ గ్లాసులు. ఎవరైనా సర్దుకోమంటే నా దగ్గర ఒకటే జవాబు: "ఏది యాడుందో నాకు తెలుసులే." అది అబద్ధం కాదు, నిజంగానే తెలుసు. మీలో కూడా చాలామంది ఈ మాట అనే ఉంటారు.

2009లో మన దేశంలో వనామీ రొయ్యల పెంపకానికి అనుమతి వచ్చాక, మూడు నాలుగేళ్లకు నేనూ ఎకరన్నర చెరువు కౌలుకు తీసుకున్నాను. కాపలాకు పాలెం కుర్రాడొకడు ఉండేవాడు. పంటకు డెబ్బై రోజులు దాటాయి. ఒక రాత్రి నేను బంధువుల పెళ్లికని నెల్లూరు వెళ్లాను.

రెండున్నరకు ఫోను. కరెంటు పోయింది. జనరేటరు వేస్తే పది నిమిషాలు ఆడి ఆగిపోయింది. డీజిలు అడుగంటే దాకా నేను చూసుకోలేదు. కుర్రాడు క్యాన్‌లో ఉన్నది పోశాడు గానీ ఇంజనుకు అప్పటికే గాలి పట్టింది. నట్టు వదులు చేసి గాలి తీస్తే నిమిషంలో లేస్తుంది.

"పానా యాడ పెట్టినావన్నా?"

"బల్ల కింద బకెట్లో చూడు."

"లేదన్నా."

"కిటికీలో? మేత బస్తాల ఎనక?"

వాడు ఒక చేత్తో ఫోను పట్టుకుని వెతుకుతుంటే, సామాన్లు కిందపడే చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. చెరువులో పగలు ఎండకు ప్రాణవాయువు తయారవుతుంది. రాత్రి నీళ్లలోని నాచు కూడా దాన్నే వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు బాగా పడిపోతుంది. నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు తిరగాల్సిన వేళ అదే. వాడు పక్క చెరువుకు పరిగెత్తి తెచ్చిన పానా ఆ నట్టుకు పట్టలేదు.

పాతిక కిలోమీటర్లు బండి మీద ఎలా వచ్చానో గుర్తులేదు. గట్టెక్కి, టార్చి కోసం బండి పక్కనున్న పెట్టె తెరిచాను. చేతికి పానా తగిలింది. రెండు రోజుల ముందు గొలుసు బిగించుకుని, పాత గుడ్డలో చుట్టి నేనే అందులో పడేశాను. వాణ్ణి బకెట్లో చూడు, కిటికీలో చూడు అని కసురుతున్నంతసేపూ అది నా బండిలోనే ఉంది.

ఇంజను లేచింది. నేను మాత్రం చాలాసేపు అక్కడే నిలబడ్డాను. సామాన్ల చోటు నా తలలో ఉందని ధీమాగా ఉన్నాను. నేను లేని రాత్రి నా తల వాడికెందుకు పనికొస్తుంది? పైగా ఆ తలలో ఉన్నది కూడా తప్పే.

బతికిన రొయ్య నీళ్ల పైకొచ్చి గట్టు వెంబడి తేలుతోంది. చచ్చింది అడుక్కు పోతుంది, అందుకే ఎంత పోయిందో వెంటనే తెలియదు. పొద్దున వల వేసి మిగిలింది పట్టేశాం. సగానికి పైగా పోయింది.

కుర్రాడు నన్నొక్క మాట అనలేదు. మర్నాడు షెడ్డు ఊడుస్తూ, "మా నాయన మడిచిన వలను చీకట్లో ఎవురైనా ఇప్పేస్తారన్నా" అన్నాడంతే. మైపాడు ఒడ్డున నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే అది. బెండ్లు ఒక పక్క, గుండ్లు ఒక పక్క వచ్చేలా వల మడుస్తారు. నడిసముద్రంలో, నిద్రకళ్లతో, మడిచినవాడు కాక ఇంకొకడు దాన్ని విప్పాల్సి రావచ్చు. చిక్కుపడితే ఆ పూట వేట పోయినట్టే. ఇంతకాలం దాన్ని చూడముచ్చటైన పనితనం అనుకున్నాను.

ఆ రోజే వాడు గోడకు మేకులు కొట్టి, ఒక్కో పనిముట్టునూ ఆనించి దాని ఆకారం బొగ్గుతో గీశాడు. పానా లేకపోతే ఖాళీ గీత కనిపిస్తుంది. జపాన్ ఫ్యాక్టరీల్లోనూ ఇలాగే గీస్తారని తర్వాతెప్పుడో చదివాను. డీజిలు క్యాన్ మీద ఎర్ర రంగు వేశాం. మేత, సున్నం వేర్వేరు గోడలకు చేరాయి.

ఇంట్లో నా పద్ధతి మారడానికి ఇంకా చాలాకాలం పట్టింది. రొయ్యల చెరువుకు తీసుకునే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్‌కు అయిదేళ్ల గడువు. ఆ కాగితం నేను పరుపు కింద పెట్టేవాణ్ణి, అది నా భార్యకు తెలియదు. ఇప్పుడు కాగితాలన్నీ ఒకే రేకు పెట్టెలో ఉన్నాయి, పెట్టె తలుపు పక్కనే ఉంది. ఇది తుఫాన్ల ఊరు, ఎప్పుడు దాన్ని పట్టుకుని బయటపడాల్సొస్తుందో తెలియదు.

మీరు ఇల్లంతా సర్దక్కర్లేదు. ఈ రాత్రి దీపాలార్పి ఇంట్లో ఇంకొకరిని అడగండి: టార్చి, గ్యాసు పుస్తకం, నాన్న మందుల చీటీ తెమ్మని. మీరు నోరు విప్పకుండా వాళ్లు తేగలరేమో చూడండి.