మైపాడు కాలవలో ఆఫ్రికా చేప

నెల్లూరు నుంచి మైపాడుకు పాతిక కిలోమీటర్లు. ఇందుకూరుపేట దాటాక వరి మళ్లు పలచబడి రొయ్యల గుంటలు మొదలవుతాయి. ఏరియేటర్ల చప్పుడు బస్సులోకి వినిపిస్తుంది. వీటిలో పెరిగేది వెనామీ. పసిఫిక్‌కు అవతలి ఒడ్డున, మెక్సికో నుంచి పెరూ దాకా ఉండే రొయ్య. 1994లో తెల్లమచ్చ రోగం టైగర్ రొయ్యను ఊడ్చిపెట్టాక ఇక్కడి రైతు చాలాకాలం కోలుకోలేదు. 2009లో కేంద్రం వెనామీకి అనుమతి ఇచ్చాకే గుంటల్లో మళ్లీ డబ్బు కనిపించింది. దాన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఆ గుంటల నీళ్లు చివరికి చేరే చోటు చూద్దామనే బయల్దేరాను.

మైపాడుకు ముందే బకింగ్‌హామ్ కాలవ. గట్టు మీద పట్టపుపాలెం పెద్దాయనొకరు విసురు వల దులుపుతున్నారు. పడినవాటిలో సగానికి పైగా నల్లటి, బిళ్లల్లాంటి చేపలే.

"జిలేబీలు అబ్బయ్యా. యాడ వల ఇసిరినా ముందు ఇయ్యే. తినేదానికి తింటాం గానీ రేటు రాదు."

ఒకదాని దవడ నొక్కి నోరు తెరిచారు. నువ్వుగింజలంత పిల్లలు, కళ్లు తప్ప ఒళ్లు ఆనని పిల్లలు, బిలబిలమంటూ ఆయన అరచేతిలోకి జారాయి.

జిలేబీ అంటే తిలాపియా. దాని బలమంతా ఆ నోట్లోనే ఉంది. తల్లి గుడ్లనూ పిల్లలనూ నోట్లోనే దాచుకుంటుంది కాబట్టి శత్రువుకు చిక్కేవి తక్కువ. ఆగ్నేయ ఆఫ్రికా నదుల్లోని ఈ చేపను పెంపకం కోసం 1952లో మన దేశానికి తెచ్చారు. ఉప్పునీళ్లలోనూ పిల్లలు పెడుతుంది. నాచు, పురుగు, ఇతర చేపల గుడ్లు, ఏదీ వదలదు. ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 పరాయి జాతుల జాబితాలో దీని పేరుంది. పాలబొంత, పండుగప్ప పిల్లలు సముద్రం నుంచి వచ్చి పెరిగేది ఇలాంటి కాలవల్లోనూ ఏటి మొగల్లోనూ. వాటి మేతకే ఇది పోటీ. సముద్రం మీద బతికేవాళ్లకు నష్టం ఇక్కడే మొదలవుతోందని నా భయం.

సముద్రం వైపు నుంచీ రాకపోకలున్నాయి. కృష్ణపట్నం రేవు ఎప్పుడు చూసినా అదే గుర్తొస్తుంది. ఖాళీ ఓడ నిలకడ కోసం ఒక రేవులో నీళ్లు నింపుకుని, సరుకెక్కించుకునే రేవులో వదులుతుంది. ఆ నీళ్లతో పాటే ప్రాణులూ దిగుతాయి. దాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం 2017లో గానీ అమల్లోకి రాలేదు. దక్షిణాన పులికాట్‌లో అమెరికా ఖండపు ఆల్చిప్ప ఒకటి అడుగంతా పరుచుకుని రొయ్యకు బురద దక్కనివ్వడం లేదు. దారి ఏదైనా, ఇటు నుంచి అటూ పోతాయి: మన సముద్రాల సింహచేప 1985లో ఫ్లోరిడా దగ్గర కనబడింది. ఇప్పుడు కరీబియన్ పగడపు దిబ్బల్లో చిన్నచేపలను మిగలనివ్వడం లేదు. దాన్ని అదుపులో పెట్టే శత్రువులు అక్కడ దాదాపు లేవు.

ఓడలను ఆపడం మన చేతిలో లేదు. వెనామీ కాలవలోకి జారిపోయే గుంట తూము మాత్రం మన చేతిలోనే ఉంది. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్టే తెగిపోయింది. అలాంటి వరదకు మట్టిగట్లు ఏం ఆగుతాయి? మామూలు రోజుల్లోనైనా ఆపగలిగినవి ఆపాలి కదా.

తిరుగుదారిలో ఒక రైతు తన తూము చూపించాడు. కట్టిన నైలాన్ వల కన్ను సన్నదే, కానీ ఒక మూల బెత్తెడు చిరిగింది.

"పట్టుబడి అయినాక మారుస్తా సార్."

పట్టుబడికి నీళ్లు వదిలేటప్పుడే కదా అన్నీ జారిపోయేది అన్నాను. తూము వైపు ఒకసారి చూసి, కొత్త వలకు కొలత తియ్యమని పనివాణ్ణి కేకేశాడు.