తర్వాతేంటో చెప్పే మనిషి లేక

మా అబ్బాయికి ఆటిజం. అప్పటికి 19 ఏళ్ళు. గాల్ బ్లాడర్‌లో రాళ్ళకి ఆపరేషనై నేను ఆస్పత్రిలో ఉన్నాను. రెండో రోజు పొద్దున మా వారు ఫోన్ చేసి, "వీడు బాత్రూంలోంచి రావట్లేదు" అన్నారు. గంట దాటిందట. తలుపు తోసి చూస్తే ఒంటిమీద సబ్బు ఎండిపోయి, చేతిలో ఖాళీ మగ్గుతో నిలబడి వణుకుతున్నాడు. డిసెంబరు చలి.

నాకు వెంటనే అర్థమైంది. ఫోను స్పీకర్‌లో పెట్టమని, "నీళ్ళు పోసుకో నాన్నా" అన్నాను. పోసుకున్నాడు.

పదిహేనేళ్ళుగా "మెడ రుద్దు, చంకలు, నీళ్ళు పోసుకో, తుడుచుకో" అని నేను గుమ్మంలోంచి అంటూనే ఉన్నాను. వాడి స్నానం వాడే చేస్తాడని చుట్టాల దగ్గర గొప్పలు కూడా పోయాను.

18 నిండగానే స్కూలువాళ్ళు ఇక చాలన్నారు. అన్నేళ్ళూ పూసలు గుచ్చించారు, రంగులు నేర్పారు, గడ్డం గీసుకోవడం మాట ఎత్తలేదు. చట్టానికి మాత్రం వాడు మేజరు. వాడి తరఫున మేం సంతకం పెట్టాలంటే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టర్ ఉండే కమిటీ నుంచి గార్డియన్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. దానికోసం తిరిగాం.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక ఒక స్పెషల్ ఎడ్యుకేటర్‌ని కలిశాం. "ముందు మీరు మాట్లాడ్డం మానండమ్మా" అందావిడ. చివరి పని నుంచి వెనక్కి నేర్పాలట. అన్నీ మనం చేయించి, టవల్ దండెం మీద ఆరేయడం ఒక్కటీ వాడికి వదలాలి. అది వచ్చాక దాని ముందుది. గోడకి వరసగా బొమ్మలు అంటించి, మాటకి బదులు వేలితో చూపించాలి. తర్వాత ఆ వేలూ తీసెయ్యాలి. ఎదిగిన మగపిల్లాడు కదా, ఈ పని వాళ్ళ నాన్నకే అప్పగించాను.

షాంపూ సీసా ఇస్తే మొత్తం పిండేసేవాడు. సాచెట్లు తెచ్చాం, స్నానానికొకటి. బకెట్‌కి నీళ్ళ గుర్తుగా ఎర్ర టేపు వేశాం. ట్రిమ్మర్ రొదకి చెవులు మూసుకుంటాడు కాబట్టి రేజరే. గీజరు జోలికి ఇప్పటికీ పోనివ్వం.

ఇప్పుడు 22. మొన్న మొదటిసారి లోపల గడియ పెట్టుకున్నాడు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పిలవొద్దని మా వారు సైగ చేశారు. మగ్గు చప్పుడు. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ మగ్గు. ఆ తర్వాత లోపల్నుంచి అచ్చం నా గొంతుతో, నా విసుగుతో సహా: "కాళ్ళు! కాళ్ళు మర్చిపోయావ్ నాన్నా!"